అమ్మ ఎర్ర పెన్ను, నా కూడికలు

కూడికల్లో నేనెప్పుడూ ఫస్టే. అందులో నా తెలివేం లేదు, చాకిరీ చేసి చేసి వచ్చింది. ఏడాదికి మూడుసార్లు, క్వార్టర్లీకీ, హాఫ్ ఇయర్లీకీ, యాన్యువల్‌కీ మా ఇంట్లో పేపర్ల కట్టలు దిగేవి. మధ్యమధ్యలో నాలుగు యూనిట్ టెస్టులు. అమ్మ దిద్దేది, నేను మార్కులు కూడేదాన్ని. తోటిపిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే నేను చాప మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియని పిల్లాడెవడికో నాలుగూ మూడూ ఏడు, ఏడూ ఐదూ పన్నెండు అని గొణుక్కుంటూ ఉండేదాన్ని.

పక్కింటి అత్తయ్యగారు గోడ మీంచి చూసి, "మీ అమ్మకేమే, నాలుగున్నరకి గంట కొడితే ఇంటికి వచ్చేస్తుంది. దసరాకి సెలవులు, సంక్రాంతికి సెలవులు, వేసవిలో ఏకంగా నెలన్నర. ఉద్యోగమంటే అదీ" అనేవారు. ఒకప్పుడు 'బతకలేక బడిపంతులు' అన్న జనమే, జీతాలు కాస్త నిలదొక్కుకున్నాక 'పంతులుకేం పని' అనడం మొదలుపెట్టారు. అమ్మ ఆ మాటా పడింది, ఈ మాటా పడింది. పడి నవ్వి ఊరుకునేది. నాకే ఒళ్లు మండేది. గంట కొట్టాక ఆవిడతో పాటు బడి కూడా సంచిలో కూర్చుని మా ఇంటికి వస్తుందని ఈవిడకెవరు చెబుతారు?

అమ్మ 1975లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరింది. పేరులో సెకండరీ ఉన్నా చెప్పేది ప్రాథమిక తరగతులకే. నాకు ఊహ తెలిసేసరికి ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తోంది. ఒక్కతే టీచరు, ఐదు తరగతులు, ఒక గది, ఒక వరండా. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేక ఐదేళ్లు నిండకముందే తనతో తీసుకెళ్లేది. హాజరు పట్టీలో పేరు లేని విద్యార్థిని అన్నమాట.

ఆ బడిలో నల్లబల్ల ఒకటే. అమ్మ దాని మీద సుద్దముక్కతో రెండు నిలువు గీతలు గీసి మూడు భాగాలు చేసేది. ఎడమవైపు మూడో తరగతి వాళ్ల తీసివేతలు, మధ్యలో నాలుగు వాళ్ల గుణకారాలు, కుడివైపు ఐదు వాళ్ల భిన్నాలు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకి బల్ల మీద చోటు లేదు. వాళ్లు పలకలతో వరండాలో కూర్చునేవాళ్లు. ఐదో తరగతి అమ్మాయి ఒకతి బెత్తం పట్టుకుని వాళ్లచేత అ ఆలు దిద్దించేది. అమ్మ ఐదు వాళ్లకి భిన్నం చెబుతుంటే మూడు వాళ్లు కొట్టుకునేవాళ్లు. మూడు వాళ్లని సర్ది ఇటు తిరిగితే ఐదు వాళ్లు భిన్నం మర్చిపోయేవాళ్లు. పూటంతా అలా తిరుగుతూనే ఉండేది. ఆ బడిలో అమ్మ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పినట్టు నాకు గుర్తులేదు. కుర్చీలో కూర్చుంటే రిజిస్టరు రాస్తోందని అర్థం.

ఇంకో బాధేమిటంటే, ఒక్క టీచరున్న బడిలో ఆ టీచరు సెలవు పెడితే బడే ఉండదు. సీ.ఎల్., అంటే క్యాజువల్ లీవు, కాగితం పైనే హక్కు. నాకు తట్టు పోసినప్పుడు అమ్మ రెండు రోజులు ఇంట్లో ఉండిపోతే మూడో రోజు ఊళ్లోంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి, "పాపకెలా ఉందమ్మా" అని అడుగుతూనే, "మరి బడి తాళాలూ..." అన్నాడు. ఆయన తప్పేం లేదు. పొలం పనులకి పోయే వాళ్లకి పిల్లల్ని వదిలే చోటు అదొక్కటే.

1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం మొదలుపెట్టింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్లలో వీలైతే ఒకరు మహిళ, బోధన సామగ్రి. మా బడికి ముందు వచ్చింది సామగ్రి, రేకు పెట్టెలో. పటాలు, సైన్సు కిట్టు, బంతులు. అమ్మ వాటన్నిటినీ స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, పెట్టెకి తాళం వేసేసింది. పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. పిల్లలు ఆ పెట్టె చుట్టూ తిరుగుతుంటే ఆవిడకే మనసొప్పక శనివారం మధ్యాహ్నాలు తీసి చూపించి, మళ్లీ లెక్కపెట్టి లోపల పెట్టేది. ఆ లెక్కపెట్టడం ఇంకో పని. రెండో టీచరు వచ్చేసరికి నేను ఐదో తరగతి దాటేశాను. ఆయన వచ్చిన ఏడాదే అమ్మకి స్కూల్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చి హైస్కూలుకి మారింది. అంటే ఆ బడిలో ఇద్దరు టీచర్ల సుఖం అమ్మ చూసింది ఒక్క ఏడాది, అదీ సరిగ్గా నిండలేదు.

హైస్కూలు సంగతి వేరు. ఇక్కడ ఒకే సబ్జెక్టు, ఎవరి క్లాసు వాళ్లదే, హాయి అనుకున్నాం. రోజుకి ఎనిమిది పీరియడ్లు, ఆరు రోజులు, వారానికి 48. అందులో అమ్మకి 36. లెక్కల మీద ఫిజిక్స్ కూడా అంటగట్టారు. మిగిలిన పన్నెండు లీజర్లు. టీచర్ల భాషలో లీజర్ అంటే ఖాళీ పీరియడు. మాట వినడానికి బాగుంటుంది. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల క్లాసులు లీజర్ ఉన్నవాళ్లకి పంచుతూ హెడ్మాస్టారు రాసిన పుస్తకం పొద్దున్నే స్టాఫ్‌రూముకి వచ్చేది. అటెండరు ఆ పుస్తకం పట్టుకుని గుమ్మంలో కనబడగానే అందరూ ఒక్కసారి తలలు వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించేవాళ్లట. అమ్మ చెప్పి నవ్వేది. నటించినా సంతకం పెట్టక తప్పదు.

కాబట్టి దిద్దడం ఇంటికే వచ్చేది. రాత్రి వంటగది సర్దుకున్నాక, నాన్న వార్తలు విని రేడియో కట్టేశాక, అమ్మ కట్ట విప్పేది. ఆ విప్పడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. పురికొస ముడి పళ్లతో లాగి, కాగితాలు రెండు చేతులతో తట్టి అంచులు సమం చేసి, ముందుగా అన్ని పేపర్లలోనూ మొదటి లెక్క మాత్రం దిద్దేది. తర్వాత మళ్లీ పైనుంచి రెండో లెక్క. ఒక్కొక్క పేపరూ మొదటినుంచి చివరిదాకా దిద్దితే చెయ్యి ఒకరికి ఉదారంగా, ఇంకొకరికి పిసినారిగా పోతుందని ఆవిడ నమ్మకం. తప్పు జవాబైనా మెట్లు సరిగ్గా ఉంటే మెట్టు మెట్టుకీ అర మార్కు, మార్కు వేసేది. ఈ అర మార్కులే నా ప్రాణానికి వచ్చేవి. ఎర్ర పెన్ను పట్టీ పట్టీ మధ్యవేలు పక్కన చిన్న కాయ కాచింది. కరెంటు పోతే లాంతరు. లాంతరు వెలుగులో ఎరుపు నల్లగా కనబడేది, నేను పిల్లాడి అంకెల్ని మార్కులనుకుని కూడేసిన రోజులున్నాయి.

అలాంటి రోజుల్లోదే ఈ గొడవ. నాకు పన్నెండేళ్లుంటాయి. ఏడో తరగతి క్వార్టర్లీ, వంద మార్కుల లెక్కల పేపరు. ఒక అబ్బాయికి నేను కూడితే 33 వచ్చింది. పాస్‌కి 35. పాపం అనుకున్నాను కూడా. పేపరు మీద ఎర్ర సున్నా చుట్టి అందులో 33 వేసి పక్కన పెట్టేశాను. అది మార్కుల రిజిస్టరు ఎక్కింది, ప్రోగ్రెస్ కార్డు ఎక్కింది, వాళ్ల నాన్న వేలిముద్ర వేయించుకుని తిరిగొచ్చింది.

పది రోజుల తర్వాత అమ్మ క్లాసులో ఏదో లెక్క చెబుతూ, "ఇది పరీక్షలో ఒకడు బాగా చేశాడ్రా, ఎవడూ?" అని అడిగిందట. ఆ అబ్బాయి చెయ్యెత్తలేదు. పక్కవాడు లేపాడు. అమ్మ పేపరు తెమ్మని చూస్తే ఆ లెక్క అడిషనల్ షీటు వెనకవైపు ఉంది. ఆరు మార్కులు, ఎర్రగా, తనే వేసినవి. ముప్పై మూడూ ఆరూ ముప్పై తొమ్మిది. నేను షీటు తిప్పలేదు.

"నీకు తెలుసుగా, అడగలేదేం?" అంటే, "మీరే వేశారు గదండీ" అన్నాడట.

రిజిస్టరులో అంకె కొట్టేసి, పైన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టి, హెడ్మాస్టారి చేత కూడా పెట్టించింది. కొత్త ప్రోగ్రెస్ కార్డు రాసింది. ఆ సాయంత్రం బడి నుంచి ఇంటికి రాకుండా నాకు కబురు పెట్టి పిలిపించుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ఇంటి ముందు ఆ అబ్బాయి తండ్రి కంగారుగా లేచి, తువ్వాలు భుజం మీంచి తీసి, "పంతులమ్మగారూ, మీరు రావడమేంటండీ, కబురంపితే మేమే వచ్చేవాళ్లం గదా" అన్నాడు. వీడు ఇంకేం చేశాడోనని అప్పటికే కొడుకు వైపు ఉరిమి చూస్తున్నాడు.

"వాడేం చెయ్యలేదండీ. కూడిక నాది తప్పింది. మీవాడు పాసయ్యాడు. అప్పుడేమైనా దెబ్బలు వేసుంటే అవి నాకు పడాల్సినవి" అంది అమ్మ.

నేను ఆవిడ వెనక, కొంగు చివర కనబడేంత దూరంలో నిలబడ్డాను. ఆ అబ్బాయి నన్నే చూస్తున్నాడు. వాడికి తెలిసిపోయిందనే నా అనుమానం, ఈ రోజుకీ. తిరుగు దారిలో అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఇల్లు చేరాక మాత్రం, "పేపరు చేతికొస్తే ముందు వెనక పేజీ చూడు" అంది. అంతే. హాఫ్ ఇయర్లీకి కట్టలు మళ్లీ నా ముందుకే వచ్చాయి. నన్ను నమ్మిందని ఎంత పొంగిపోయానో! అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరేం చదువుతున్నా, పెళ్లి శుభలేఖైనా సరే, "వెనక పేజీ చూశావా?" అనడం ఒక సామెత అయింది.

పదో తరగతి క్లాస్ టీచరు అయిన ఏడాదైతే ఇంకో తంతు ఉండేది, నామినల్ రోల్స్. పరీక్షకి కూర్చునే ప్రతి పిల్లకీ పిల్లాడికీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు. ఆ తేదీ జీవితాంతం వాళ్లని వదలదు, ఉద్యోగంలో చేరేటప్పుడూ అదే అడుగుతారు, పెన్షన్ తీసుకునేటప్పుడూ అదే అడుగుతారు. అందుకని అమ్మ అడ్మిషన్ రిజిస్టరుతో ఒకసారి, పిల్లలు చెప్పేదానితో ఒకసారి సరిచూసేది. ఇక పుట్టుమచ్చల వేట. మగపిల్లలు సిగ్గుతో చొక్కా చేతులు మోచెయ్యి దాకా మడిచి చూపించి, "ఇదొక్కటేనండీ" అనేవాళ్లు. రెండోది కావాలి. మెడ వెనక వెతకమని పక్కవాడికి పురమాయించేది. ఏ మచ్చా దొరకనివాడికి దెబ్బ తగిలిన గుర్తు రాసేది. కార్బన్ పేపర్లు పెట్టి గట్టిగా ఒత్తి రాయాలి, కింది కాపీలో కూడా మచ్చ ఎడమ మోచేతి మీదో కుడి మోచేతి మీదో తెలియాలి కదా. యాభై మంది పిల్లల వంద పుట్టుమచ్చలు అమ్మకి నోటికి వచ్చేవి. ఏళ్ల తర్వాత బస్సులో ఎవరో లావుపాటి మీసాల మనిషి నమస్కారం పెడితే పేరు గుర్తురాక, "నువ్వు కుడి చెంప మీద మచ్చ కదరా" అంది.

బడి పనే ఇంత అనుకుంటే, బడిది కాని పనికి లెక్కే లేదు. 1991 జనాభా లెక్కలు నాకు బాగా గుర్తు. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. పొద్దున బడికి ముందు కొన్ని ఇళ్లు, బడి వదిలాక దీపాలు పెట్టేదాకా కొన్ని ఇళ్లు. మనిషికో స్లిప్పు. ఆవిడ ప్యాడ్ మీద రాస్తుంటే నేను రాసినవి సర్దేదాన్ని. వయసు అడిగితే చాలామందికి తెలియదు. "ఉప్పెన ఏడు పుట్టాడమ్మా" అనేవాళ్లు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, కాబట్టి పదమూడు అని అమ్మ చటుక్కున వేసేసేది. ఆఖరి రోజు రాత్రి ఇల్లూ వాకిలీ లేనివాళ్లని లెక్కపెట్టాలి. ఆడమనిషి ఒక్కతే ఎలా వెళుతుందని నాన్న టార్చిలైటు పట్టుకుని తోడెళ్లాడు. బస్టాండు అరుగు మీద ముసుగు తన్ని పడుకున్న మనిషిని లేపడానికి అమ్మకి మనసు రాలేదట. నాన్నే లేపాడు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ అవే ఇళ్లు, ఈలోగా ఎవరైనా పుట్టారా, పోయారా అని. ఆ నెలలో పదో తరగతి రివిజన్ ఆగిందా అంటే ఆగలేదు. ఆదివారాలు క్లాసులు పెట్టింది.

ఎన్నికల సంగతి చెప్పక్కర్లేదు. 1996, 1998, 1999, నాలుగేళ్లలో మూడుసార్లు లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. జనానికి అది రాజకీయం, మా ఇంటికి అది మడత మంచం గుడ్డ, టార్చిలైటు, లక్క, కొవ్వొత్తి. తెలియని ఊళ్లో బడి గదిలో రాత్రి నిద్ర, తెల్లారి పోలింగు, సాయంత్రం పెట్టెలకి సీలు, తర్వాత వాటిని అప్పగించడానికి వరసలో నిలబడడం. ఏ మూడింటికో వచ్చి తలుపు కొట్టేది. 1995 చివర్లో పల్స్ పోలియో మొదలయ్యాక కొన్ని ఆదివారాలు కూడా పోయాయి. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి, అంటే పబ్లిక్ పరీక్ష పేపర్లు ఒకచోట చేరి దిద్దడానికి, జిల్లా కేంద్రంలో చుట్టాలింట్లో మకాం. వేసవి సెలవులు నెలన్నర అన్నారు కదా పక్కింటి అత్తయ్యగారు, అందులో ముందు భాగం ఇలా కరిగిపోయేది.

అమ్మ 2009లో యాభై ఎనిమిదేళ్లు నిండి రిటైరైంది. విద్యా హక్కు చట్టం ఆ ఏడాదే వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్లకి పని గంటలు రాసిపెట్టారు: వారానికి కనీసం 45, పాఠం తయారుచేసుకునే సమయంతో కలిపి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకి టీచర్లని వాడకూడదనీ ఉంది. ఆ 'తప్ప'లో ఉన్నవాటిలోనే సగం బరువుందని నా అభిప్రాయం. ఇప్పుడు టీచరుగా చేస్తున్న నా స్నేహితురాలిని అడిగితే రిజిస్టర్లు ఫోనులోకి వెళ్లాయి గానీ తగ్గలేదంటుంది. ఫొటో తీసి ఎక్కించాలి, సిగ్నల్ కోసం గోడెక్కాలి.

మొన్నామధ్య అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఈ చట్టం సంగతి చెప్పాను. కళ్లజోడు పైకి తోసుకుని, "నలభై ఐదు కనీసమా, గరిష్ఠమా?" అంది.

"కనీసం."

"అలా చెప్పు మరి" అని నవ్వింది.

నాకు కూడికల పిచ్చి పోలేదు కదా, కాగితం తీశాను. లెక్కల పేపర్లే తీసుకుందాం. నాలుగు సెక్షన్లు, సెక్షనుకి యాభై మంది, రెండు వందల పేపర్లు. పేపరుకి ఐదు నిమిషాలు. వెయ్యి నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. పెద్ద పరీక్షలు మూడు, 50 గంటలు. యూనిట్ టెస్టులు చిన్నవి కాబట్టి సగం వేసినా నాలుగింటికి 33 గంటల 20 నిమిషాలు. ఏడాదికి 83 గంటల పైచిలుకు, దిద్దడానికే. చట్టం చెప్పిన వారాల్లో దాదాపు రెండు వారాలు, అన్నీ రాత్రిళ్లే.

అమ్మ కాగితం లాక్కుని పెదాలు కదుపుతూ సరిచూసింది. "కూడిక సరే. మార్కులు కూడిన టైము ఏదీ?"

"అది నేను చేశాను కదమ్మా, నీ ఖాతాలో వెయ్యలేదు."

"వెయ్యి" అంది.

"నేను చేసిన పనికి నీకెందుకు గంటలు?"

అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "నువ్వు పడుకున్నాక అవన్నీ మళ్లీ నేను కూడేదాన్ని కదే" అంది.